బొమ్మల ఊళ్ళో రెండో ఇల్లు

రాసుకో నాయనా. ముందే ఒక మాట చెబుతాను. నేను మాట్లాడేది ఉన్నదున్నట్టు రాస్తే అచ్చులో బాగుండదన్నావు కదా, నా మాటలు నువ్వు ఎట్లా కావాలంటే అట్లా దిద్దుకో. నాకేం పట్టింపు లేదు. ఆ రోజు అక్కడ వాళ్ళన్న మాటలు మాత్రం దిద్దొద్దు. మనిషి అన్న మాట మార్చేస్తే ఆ మనిషే మారిపోతాడు.

బొమ్మల ఊరికి పోయిన రోజు సంగతి కదా నువ్వడిగింది. నువ్వు ఆ రోజు పరీక్షలని హాస్టల్లోనే ఉండిపోయావు. మీ అమ్మకు ఒళ్ళు వెచ్చగా ఉందని పడుకుంది. పోయింది నలుగురం. నేను, కారు తోలడానికి మీ నాయన, మీ మేనత్త, ఆమె కూతురు. ఆ పిల్ల నీకు వదిన వరస, నాకు మనవరాలు. నేను మనవరాలు అన్నప్పుడల్లా ఆ పిల్లే అనుకో. నాకున్న మనవరాలు ఆమె ఒక్కతే కాబట్టి తికమక ఉండదు.

పైకి చెప్పుకున్నది ఏమంటే, ఆదివారం కదా, తిరుపతి దగ్గర పార్కులో బొమ్మల ఊరు పెట్టారు, చూసి వద్దాం అని. అసలు సంగతి పెళ్ళిచూపులు. పిల్లవాడిది పలమనేరు. పాల చిల్లింగ్ సెంటర్లో ఉద్యోగం. ఇంట్లో ఆవులు కూడా ఉన్నాయి. వాళ్ళ వైపు నుంచి పిల్లవాడు, వాళ్ళమ్మ, మేనమామ బస్సులో వచ్చారు. తండ్రి రాలేదు. సాయంత్రం పాలు పిండడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి కదా, వాళ్ళను పంపించి ఆయన ఆగిపోయాడు.

పార్కులో చూపులేంటి అని మీ తాత ఉండి ఉంటే అరిచేవాడు. చిత్తూరులో ఇల్లు లేకనా? ఉంది. కానీ మనవరాలు ఇంట్లో చూపులకు ఇక ఒప్పుకోనంది. అంతకు ముందు రెండు సంబంధాలు మన ఇంట్లోనే, అదే చాప మీద, అవే గ్లాసులతో కాఫీ ఇచ్చి పంపించాం. రెండూ తప్పిపోయాయి. ఎందుకు తప్పిపోయాయో చెబుతాను, ఇది తెలియకపోతే తక్కినదంతా నీకు అర్థం కాదు.

మా అల్లుడు పోయినప్పుడు ఆ పిల్ల ఇంకా బడికి పోతోంది. మీ మేనత్త మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టి ఆ పిల్లను చదివించింది. ఇప్పుడు ఆ పిల్ల చిత్తూరులో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని చేస్తోంది. తల్లీ కూతుళ్ళు ఇద్దరే. నా దగ్గరికి వచ్చి ఉండమ్మా అంటే మీ మేనత్త రాదు. అన్న ఇంట్లో ఉంటే లోకం ఒక రకంగా చూస్తుంది, అల్లుడింట్లో ఉంటే ఇంకో రకంగా చూస్తుంది, నా ఇంట్లో నేనుంటే ఎవరూ చూడరు అంటుంది. మనవరాలు ఏమో వచ్చినవాళ్ళకల్లా మొదటి మాటే, "మా అమ్మ నాకు దగ్గర్లోనే ఉండాలండీ" అని చెప్పేస్తుంది. చెప్పగానే వచ్చినవాళ్ళు గ్లాసు కింద పెట్టేవాళ్ళు. అత్త అల్లుడి నీడన ఉండడం మనలో లేదు కదా. ఒకాయన గడప దాటేటప్పుడు, "పిల్లను ఇస్తారనుకుంటే పిల్లను, తల్లిని ఇస్తామంటా ఉండారే" అని మనకు వినిపించేట్టే అన్నాడు. అది మీ మేనత్త చెవిన పడింది.

అందుకని ఈసారి మీ మేనత్త కూతురి చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "ఈ తూరి నా మాట నువ్వు నోరెత్తి చెప్పినావంటే నా మీద ఒట్టే" అని. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని ఒట్టేసింది. నా చేత కూడా వేయించుకోవాలని చూసింది గానీ నేను వంటింట్లోకి పోయాను. ముసలివాళ్ళ దగ్గర ఒట్టు వేయించుకోకూడదు.

ఇక ఆ స్థలం ఎందుకంటే, అది నేను చెప్పిందే. మీ నాయన గుడి అన్నాడు, మేనత్త హోటల్ అంది. గుడిలో జనం తోసుకుంటుంటారు, హోటల్లో బల్ల మీద వాలిపోయి అందరూ పిల్ల మొహమే చూస్తుంటారు. బొమ్మల ఊళ్ళో ఇళ్ళన్నీ మోకాలెత్తే. పిల్లలిద్దరూ ఎంత దూరం పోయి మాట్లాడుకున్నా మనకు నడుం పైన కనిపిస్తూనే ఉంటారు, వాళ్ళ మాటలు మాత్రం మనకు వినపడవు. దాచుకోవడానికి చోటు లేదు, దొంగచాటుగా వినడానికీ చోటు లేదు. పెళ్ళిచూపులకు అంతకంటే మంచి ఊరు ఏది చెప్పు!

పొద్దున్నే లేచి చిత్రాన్నం కలిపాను, చెనక్కాయలు ఎక్కువ వేసి. పెరుగన్నంలో అల్లం, కరివేపాకు. వడలు మీ మేనత్త చేసింది. వాళ్ళ మనుషులకు కూడా కలిపి తీసుకుపోయాం. తీరా చూస్తే వాళ్ళూ పెద్ద క్యారియరు తెచ్చారు. పలమనేరు నుంచి పాలకోవా, ఇంకా మజ్జిగ క్యాను. ఆ మజ్జిగ చిక్కదనం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

బొమ్మల ఊరు బాగానే కట్టారు. సిమెంటు ఇళ్ళు, వాటికి రంగులు. మిద్దెలు ఒక వరస, కొట్టాలు ఒక వరస. బావి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు, చెరుకు గానుగ, బెల్లం పెనం, చిన్న గుడి, దానికి కొంచెం అవతల చిన్న చర్చి, బస్సు, బస్సు పైన మూటలు. రైలు కూడా ఉంది గానీ ఆ రోజు కరెంటు లేక స్టేషన్లోనే నిలబడి ఉంది. మేనమామ దాన్ని చూసి, "నిజం రైలు మాదిరే ఉండాదే, లేటు" అన్నాడు. ఆయన అట్లాంటి మనిషి. వచ్చినప్పటి నుంచీ ఏదో ఒకటి అని నవ్విస్తూనే ఉన్నాడు.

పిల్లవాడి తల్లి అట్లా కాదు. మాట తక్కువ, చూపు ఎక్కువ. గట్టి మనిషి, మోచేతుల దాకా పనిచేసిన గుర్తులు. ఒక ఇంటి ముందు ఆవు బొమ్మ ఉంటే వంగి చూసి, "సూడు వదినా, ఈ ఆవుకు సన్నులు మూడే పెట్టినారు" అంది మీ మేనత్తతో.

"యాడ వదినా?" అని మీ మేనత్త కూడా వంగింది.

"ఇదో, నాలుగోది ఊడిపోయినాదా అంటే ఆ గుర్తు గూడా లేదు. పెట్టనేలేదు."

ఇద్దరూ వంగి బొమ్మావు పొదుగు చూస్తున్నారు. నేను మనసులో అనుకున్నాను, వీళ్ళిద్దరికీ కుదిరేట్టుంది, ఇక పిల్లలకు కుదరాలి.

ఒక కానుగ చెట్టు కింద సిమెంటు బెంచీలుంటే అక్కడ చేరాం. మేనమామ పిల్లవాడితో, "పోరా, ఆ పాపకు ఊరు సూపించుకొని రా. ఊరు పెద్దదేం గాదు, తప్పిపోరు" అన్నాడు. మీ నాయన నవ్వాడు. పిల్లలిద్దరూ పోయారు. ఆ పిల్లవాడు ముందు, మనవరాలు వెనక. బొమ్మల చెరువు దాటేసరికి పక్కపక్కన నడుస్తున్నారు.

మేం చూడనట్టు చూస్తున్నాం. నువ్వు నవ్వకు, నీ చూపులప్పుడు కూడా ఇట్లాగే చూస్తాను.

"మాట్లాడతా ఉండాడా మావోడు?" అంది తల్లి, మజ్జిగ గ్లాసుల్లో పోస్తూ.

"నోరు ఆడతా ఉండాది," అన్నాడు మేనమామ. "ఏం మాట్లాడతాడు, పాలల్లో వెన్న శాతం ఎంతని చెప్తా ఉంటాడు."

"మా పాప రక్తంలో చక్కెర ఎంతని చెప్తా ఉంటాది," అని మీ నాయన అందుకున్నాడు. అందరం నవ్వాం. మీ మేనత్త కూడా నవ్వింది గానీ ఆమె చెయ్యి బెంచీ అంచు పట్టుకునే ఉంది. ఆమెకు భయం. పిల్ల నోరు జారుతుందేమోనని.

బొమ్మల చెరువుకు అవతల కంకర పోసిన ఖాళీ జాగా ఉంది. అక్కడ మన జనం చేసిన పని చూడు. కొండ మెట్లెక్కేటప్పుడు దారి పక్కన రాళ్ళు పేరుస్తారే, మూడు రాళ్ళు నిలబెట్టి పైన ఒక పలక రాయి పెట్టి, స్వామీ నాకూ ఒక ఇల్లు ఇప్పించు అని మొక్కుకుంటారే, అవే ఇళ్ళు అక్కడ కూడా కట్టేశారు. కొండ కాదు, గుడి కాదు. చిన్న ఇళ్ళు కనిపించాయి, పక్కన రాళ్ళు కనిపించాయి, అంతే, చెయ్యి ఆగలేదు. సిమెంటు ఊరి పక్కన రాళ్ళ ఊరు ఒకటి లేచింది. ఎవరో పసుపు బొట్టు కూడా పెట్టారు ఒక రాయికి.

మనవరాలు అక్కడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గొంతుక్కూర్చుంది. రాళ్ళు ఏరుతోంది.

"ఇల్లు కడతా ఉండాది పిల్ల," అంది పిల్లవాడి తల్లి. మొదటిసారి ఆమె మొహం కొంచెం విచ్చుకుంది. "కట్టనీ. సొంతిల్లు మాకు ఉండనే ఉండాది గానీ, మొక్కుకుంటే తప్పేముండాది."

మూడు రాళ్ళు నిలబెట్టింది, పైన పలక పెట్టింది. ఇల్లు అయింది. పిల్లవాడు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఇక లేస్తుందనుకున్నాం. లేవలేదు. మళ్ళీ రాళ్ళు ఏరింది. ఆ ఇంటికి జానెడు అవతల ఇంకో ఇల్లు కట్టింది, మొదటిదానికంటే చిన్నది.

"రెండో ఇల్లా!" అన్నాడు మేనమామ. "అమ్మా, మావోడు అట్టాంటోడు గాదమ్మా, ఆ పాపకు ముందే చెప్పండి."

మీ నాయన ఒక్కడే నవ్వాడు. పిల్లవాడి తల్లి నవ్వలేదు. చేతిలో గ్లాసు బెంచీ మీద పెట్టింది. ఆ గ్లాసు కింద పెట్టడం నాకు బాగా తెలుసు. ఇంతకు ముందు రెండుసార్లు చూశాను.

"ఒకటి మాకంట, ఒకటి వాళ్ళకంట," అంది ఆమె, మాతో కాదు, తన తమ్ముడితో. "పెండ్లన్నా కాలేదు, అప్పుడే ఏరు కాపురం కడతా ఉండాది. పెద్దోడు ఏరు పోయినాడు. ఈడొక్కడన్నా ఉంటాడనుకుంటే."

అప్పుడు అర్థమైంది నాకు. వాళ్ళ పెద్ద కొడుకు పెళ్ళయిన కొన్నాళ్ళకే బెంగళూరులో వేరే కాపురం పెట్టాడని మధ్యవర్తి చెప్పాడు. ఆమెకు అక్కడే పుండు ఉంది. మన పిల్ల తెలియకుండా అక్కడే వేలు పెట్టింది.

ఆ రెండో ఇల్లు ఎవరికో నాకు తెలుసు. మీ మేనత్తకూ తెలుసు. ఒట్టేసిన పిల్ల నోటితో చెప్పకుండా రాళ్ళతో చెబుతోంది. నేను నోరు తెరవబోయాను. మీ మేనత్త నా మణికట్టు పట్టుకుని, "నువ్వు గమ్మునుండుమా" అంది, పెదాలు కదలకుండా. నేను గమ్మునున్నాను. నాకు అది చేతకాని పని, అయినా ఉన్నాను.

అంతలో పిల్లవాడు వంగాడు. మనవరాలిని ఏదో అడిగాడు. ఆ పిల్ల మాట్లాడలేదు. తల తిప్పి మా బెంచీ వైపు చూసింది. మీ మేనత్త వైపే. అతను కూడా చూశాడు. చూసి, కూర్చుని, ఆ రెండో ఇంటి రాళ్ళు ఒక్కొక్కటే తీసి, మొదటి ఇంటి గోడకు ఆనించి మళ్ళీ కట్టాడు.

"సూడు, మావోడు కలిపేసినాడు," అంది తల్లి. గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది.

మనవరాలు తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఆ రాళ్ళు తీసి జానెడు అవతల పెట్టింది.

"మళ్ళా ఏరు చేసింది!"

పిల్లవాడు మళ్ళీ దగ్గరికి జరిపాడు, ఈసారి ఆనించకుండా, బెత్తెడు దూరంలో. పిల్ల ఇంకొంచెం అవతలికి జరిపింది. పులీ మేకా ఆడుతున్నట్టుంది. మేం నలుగురు పెద్దవాళ్ళం, చేతుల్లో వడలు పట్టుకుని, నోట్లో పెట్టుకోకుండా ఆ రాళ్ళనే చూస్తున్నాం. మీ నాయనకు మాత్రం ఏమీ తెలియలేదు. అతనొక్కడే తింటున్నాడు.

చివరికి ఆ పిల్లవాడు ఇళ్ళు ముట్టుకోలేదు. చిన్న చిన్న గులకరాళ్ళు ఏరి రెండు ఇళ్ళకూ మధ్య వరసగా పేర్చాడు. దారి వేసినట్టు. మనవరాలు దాన్ని చూసింది. ఏమీ మార్చలేదు.

అదే సమయానికి విజిలు వినిపించింది. వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఓ సారూ, ఓ అమ్మణ్ణీ! దినామూ నేను ఎత్తి పారేస్తా ఉండా, దినామూ మీరు కడతానే ఉండారు. ఇదేమన్నా కొండా? ఈడ కడితే ఏ సామి ఇస్తాడు మీకు ఇల్లు?"

"అన్నా, ఈ ఒక్కరోజుకి ఉండనీ," అని ఆ పిల్లవాడు అనడం మాకు కూడా వినిపించింది. మొదటిసారి అతని గొంతు వినడం నేను. మెత్తని గొంతు.

"ఈ ఒక్కరోజు అనే అందురూ అంటారు," అన్నాడు వాచ్‌మన్, ఆ పక్కనున్న వేరేవాళ్ళ ఇళ్ళను కాలితో తోస్తూ. వీళ్ళ ఇళ్ళను మాత్రం తోయలేదు. ఎందుకో నేను అడగలేదు.

ఇక్కడ బెంచీ దగ్గర పని వేరే ఉంది. పిల్లవాడి తల్లి క్యారియరు గిన్నెలకు మూతలు పెడుతోంది. మా చిత్రాన్నం ఇంకా ఆమె తిననే లేదు.

"పాలు పిండే యాళకు ఇల్లు చేరాల పెద్దమ్మా," అంది నాతో. "మళ్ళా బస్సు దొరకదు. పోయి మాట పంపిస్తాం."

పాలు పిండడానికి ఇంటాయన ఆగాడని వాళ్ళే చెప్పారు. ఇక మాట పంపిస్తాం అంటే ఏమిటో ఆడపిల్ల ఉన్న ఇంటికి వేరే చెప్పాల్సిన పని లేదు. మేనమామ కూడా ఇక హాస్యం మానేసి చెప్పులు వేసుకున్నాడు. మీ నాయన నోట్లో వడతో, "అప్పుడేనా అన్నా, ఎండ తగ్గనీ" అన్నాడు పాపం.

అప్పుడు మీ మేనత్త నా చెయ్యి వదిలేసింది. లేచి నిలబడింది. నేనింకా బాత్రూముకు పోతుందేమో అనుకున్నాను.

"కూసో వదినా," అంది. "ఆ రెండో ఇల్లు వాళ్ళకి గాదు. ఏరు కాపురం గాదు. అది నాది."

ఆమె మూత పట్టుకుని ఆగిపోయింది.

"నాకని కడతా ఉండాది నా కూతురు. నా మాట నోరెత్తకూడదని దాంతో ఒట్టేయించుకున్నా. నోరెత్తలా. రాళ్ళు పేర్చింది."

"నువ్వు మా ఇంట్లో ఉంటావా వదినా?" ఆమె అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

"ఉండను. ఎవురింట్లోనూ ఉండను. మా అన్న ఇంట్లోనే ఉండలా నేను. చిత్తూర్లో నా మిషను నాకుండాది."

"మరి మావోడు కలిపితే ఆ పిల్ల ఎందుకు జరిపింది?"

"నేను ఉండనని దానికి తెలుసు గదా. అందుకే ఆ జాగా ఇడిసింది." మీ మేనత్త ఆమె చేతిలోని మూత తీసుకుని బెంచీ మీద పెట్టింది. "నువ్వు తప్పుగా అనుకొని పోతా ఉండావని చెప్తా ఉండా. నీ కొడుకును నీకు కాకుండా చెయ్యాలని అది కట్టలా. నేను చిత్తూర్లోనే ఉంటా, దాని మాట పట్టించుకోవద్దు. పిల్ల మంచిది."

బొమ్మల ఊళ్ళో కరెంటు వచ్చినట్టుంది, రైలు కూత పెట్టింది. మేనమామ తిరిగి చూసి ఏదో అనబోయి మానుకున్నాడు.

పిల్లవాడి తల్లి క్యారియరు కింద పెట్టింది. కూర్చుంది. మేనత్తను కూడా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తర్వాత అడిగిన మాట చూడు.

"మిషనుతో ఏం కుడతావు నువ్వు?"

"జాకెట్లు. లంగాలు. పిల్లోళ్ళ గౌన్లు."

"లైనింగు జాకెట్లా?"

"లైనింగూ కుడతా."

"ఇది సూడు." ఆమె చెయ్యి పైకెత్తి చూపించింది. "చంకలో పట్టుకుంటాది. మా ఈదిలో కుట్టేవోళ్ళు లేరు, బజారుకు పోవాల. ఆయప్పకు ఎన్ని తూర్లు చెప్పినా ఇట్లనే కుడతాడు. గడ్డి మోపు ఎత్తితే చాలు, పటుక్కున పోతాది."

మీ మేనత్త వేళ్ళతో ఆ కుట్టు పట్టుకుని చూసింది. "చంక కత్తిరింపు లోతు లేదు వదినా. ఇప్పి మళ్ళా కుట్టాల."

అంతే. ఇంక దాని గురించి ఎవరూ ఎత్తలేదు. పిల్లలు వచ్చారు. ఇద్దరి చేతుల నిండా కంకర దుమ్ము. నేను సీసాలో నీళ్ళు పోస్తే కడుక్కున్నారు. మనవరాలు మా మొహాలు ఒకటొకటిగా చూసింది, ఏం జరిగిందో తెలియక. నేను చిత్రాన్నం పెట్టి చేతికిచ్చి, "తిను" అన్నాను. పిల్లవాడి తల్లి కూడా తిన్నది. చెనక్కాయలు బాగా వేగాయంది. పోయేటప్పుడు మళ్ళీ అదే మాట అంది, "పోయి మాట పంపిస్తాం పెద్దమ్మా" అని. ముందు అన్నదానికీ దీనికీ తేడా ఉందా లేదా అని కారులో కూర్చున్నప్పటి నుంచి నేను తూచుకుంటూనే ఉన్నాను. తేలలేదు.

కారులో తల్లీ కూతుళ్ళకు గొడవ.

"ఒట్టేసి తప్పినావు గదే!"

"నేను నోరు తెరిచినానా అమ్మా? అవ్వను అడుగు. నువ్వే తెరిచినావు."

"నేను తెరవకపోతే ఆయమ్మ బస్సెక్కేసి ఉంటాది!"

"ఎక్కితే ఎక్కనీ."

"ఎక్కనీ అంట! అన్నా, నీ మేనకోడలు మాట ఇన్యావా?"

మీ నాయన అద్దంలో చూసి, "నాకు ఒకటే అర్థం కాలా. ఆ రాళ్ళ సంగతి ఏంది?" అన్నాడు. అప్పటిదాకా తెలుసుకోలేదు ఆ మహానుభావుడు. మనవరాలికి నవ్వొచ్చింది. మీ మేనత్తకు రాలేదు. కిటికీకి తల ఆనించి, చిత్తూరు వచ్చేదాకా కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోలేదు.

తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు. నేను ఆ రోజుల్లో మీ మేనత్త ఇంట్లోనే ఉన్నాను. మధ్యవర్తికి ఫోను చేస్తే, ఆవు ఈనింది, దూడకు బాగాలేదు, తిరుగుతున్నారు అన్నాడు. సాకు అనుకున్నాం. మీ మేనత్త రోజూ మిషను తొక్కుతూ, "నా వల్లే, ఇది గూడా నా వల్లే పోయింది" అనేది. మనవరాలు ఆ మాట వినపడగానే ల్యాబుకు బయలుదేరేది, టైము కాకపోయినా. నాకు ఇద్దరి మధ్య కూర్చుని ఉల్లిపాయలు వలవడం తప్ప పని లేదు.

ఒక రోజు మధ్యాహ్నం గేటు చప్పుడైంది. ఆ పిల్లవాడే. ఏదో ఆఫీసు పని మీద చిత్తూరు వచ్చాడట. మనవరాలు ఇంట్లో లేదు. అతను కూడా అడగలేదు ఆ పిల్లను. చేతిలో గుడ్డల అంగడి కవరు ఉంది. నిలబడే మీ మేనత్త చేతికిచ్చాడు.

"అమ్మ ఇమ్మనింది అత్తా."

అత్తా అన్నాడు. నేను విన్నాను. మీ మేనత్త వినలేదు, ఆమె కవరు చూస్తోంది. లోపల మూడు జాకెట్ గుడ్డలు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు, ఇంకొకటి నాకు గుర్తులేదు. వాటి మధ్య మడత పెట్టిన పాత జాకెట్టు ఒకటి. కొలతకు ఇచ్చే ఆది జాకెట్టు. పార్కుకు వేసుకొచ్చిందే. చంక దగ్గర కుట్టు విప్పి ఉంది.

నీకు తెలుసో లేదో, ఆడవాళ్ళు ఆది జాకెట్టు ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వరు. ఒకరికి ఇస్తే ఇక వాళ్ళ దగ్గరే. ఊరు మారితేనే టైలరును మారుస్తారు.

మీ మేనత్త ఆ జాకెట్టు అటూ ఇటూ తిప్పి, "ఎప్పటికి కావాలంట?" అని అడిగింది. ఎవరినైనా అడిగేటట్టే, కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"తొందరేం లేదంట," అన్నాడు ఆ పిల్లవాడు. "పెండ్లి నాటికి ఇస్తే చాలంట. చంకలో కొంచెం ఇడవమనింది." గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట అన్నాడు. "మా ఇంటికి ఎదురుగా ఒక పోర్షను కాలీ అయినాది అత్తా. నడిమధ్య ఆవుదూడ పోయేంత సందు ఉండాది. సూసుకొమ్మనింది అమ్మ. మిషనుకు ఎలుతురు సాలుతుందో లేదో నువ్వే వచ్చి సూసుకోవాలంట."

అతను పోయాక మీ మేనత్త టేపు తీసుకుని ఆది జాకెట్టు కొలవడం మొదలుపెట్టింది. కొలిచిందే మళ్ళీ కొలుస్తోంది. నేను అడిగాను, "పోతావా మే?" అని.

"ఎలుతురు సూడాల గదా ముందు," అంది.

చూసింది. సరిపోయింది. కిటికీ తూర్పుకు ఉంది. ఇప్పుడు నేను పలమనేరు పోతే పడక ఒక ఇంట్లో, తిండి ఇంకో ఇంట్లో. పొద్దున్నే ఆ సందులో ఆవును తోలుకుంటూ పిల్లవాడి తల్లి వస్తుంది, కిటికీ దగ్గర ఆగి ఒక చెయ్యి పైకెత్తుతుంది.

"వదినా, ఇంకా రవ్వంత పట్టుకుంటా ఉండాది సూడు."

"నువ్వు ఒళ్ళు చేసినావు వదినా, జాకెట్టు ఏం చేస్తాది!" అంటుంది మీ మేనత్త, మిషను ఆపకుండానే.